రోహుకు ఎదురీత, మేత: నాలుగు ట్యాంకుల ప్రాజెక్టు డైరీ

హనుమకొండ శివారులో, ధర్మసాగర్ వైపు ఉన్న మా పొలంలో నాలుగు గుండ్రటి టార్పాలిన్ ట్యాంకులలో ఈ పరీక్ష నడుస్తోంది. రోహు చేప పిల్లలను ప్రవాహానికి ఎదురుగా ఈదిస్తే వాటి పెరుగుదల మారుతుందా అన్నది మొదటి ప్రశ్న. మారితే ఏ మేత తిన్నప్పుడు మారుతుందన్నది రెండవది. ఇదే పని చేయాలనుకునేవారు కొలతలను యథాతథంగా వాడుకోవచ్చు. నిలవని అమరికలను వివరంగా రాశాను, ఎందుకంటే ఖర్చూ సమయమూ ఎక్కువగా అక్కడే పోయాయి.

వానకాలంలో పాకాల, రామప్ప వంటి చెరువులు మత్తడి దుంకినప్పుడు, కిందికి జారిన చేపలు మళ్లీ నీటికి ఎదురెక్కబోవడం ఈ ప్రాంతంలో అందరూ చూసిందే. రోహు పుట్టుకతో నది చేప. చెరువులోని నిలకడ నీటిలో అది తనంతట తాను గుడ్లు పెట్టదు. 1957లో కటక్‌లో హీరాలాల్ చౌధురి మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి సారాన్ని ఎక్కించి రోహు వంటి మేజర్ కార్పు చేపలతో గుడ్లు పెట్టించే వరకు, రైతులు చాలా వరకు నదుల్లో పట్టిన పిల్లల మీదే ఆధారపడ్డారు. ప్రవాహం ఈ చేపకు కొత్త కాదు గనుకనే దీన్ని ఎంచుకున్నాను. మన రాష్ట్ర చేప కొర్రమీనుతో ఇదే పరీక్ష చేయవచ్చా అని చాలామంది అడిగారు. కొర్రమీను కదలకుండా పొంచి ఉండి వేటాడే చేప, గాలిని నేరుగా పీల్చుకుంటుంది. దాన్ని రోజంతా ఈదించడంలో అర్థం లేదని నా అభిప్రాయం.

చేప ఈత సామర్థ్యాన్ని కొలిచే పద్ధతికి కెనడా శాస్త్రవేత్త జె. ఆర్. బ్రెట్ 1964లో ప్రచురించిన సాకై సాల్మన్ పరీక్షలు పునాది వేశాయి. నీటి వేగాన్ని మెట్టుమెట్టుగా పెంచుతూ చేప అలసిపోయే దాకా ఈదించడం ఆయన పద్ధతి. తర్వాత సాల్మన్, ట్రౌట్ జాతులపై జరిగిన అనేక పరీక్షల్లో, సెకనుకు దాదాపు ఒకటి నుంచి ఒకటిన్నర శరీర పొడవుల వేగంతో నిరంతరం ఈదిన చేపలు నిలకడ నీటి చేపల కంటే బాగా పెరిగినట్లు తేలింది. శరీర పొడవు లెక్క సులభమే: 10 సెంటీమీటర్ల పిల్లకు సెకనుకు 10 సెంటీమీటర్ల ప్రవాహం ఒక శరీర పొడవు. అవన్నీ చల్లని నీటి మాంసాహార చేపలు. తవుడు, పల్లి చెక్క తినే మన రోహుకు ఆ అంకెలను నేరుగా అన్వయించలేము.

దశ 0: అమరిక

1. ట్యాంకు వ్యాసం 3 మీటర్లు, నీటి లోతు 80 సెంటీమీటర్లు, నీరు సుమారు 5,650 లీటర్లు. నాలుగూ ఒకే కొలత.
2. నాలుగింటి మీదా ఒకే రకం ఆకుపచ్చ షేడ్ నెట్. రోహు నీటిలోని పాచి, ప్లవకాలను కూడా తింటుంది. ఒక ట్యాంకులో నీరు పచ్చబడి ఇంకో దానిలో తేటగా ఉంటే, మనం వేసిన మేతతో పాటు లెక్కకు రాని మేత కూడా చేపకు అందుతుంది. నీడ వేయడానికి కారణం ఇదే.
3. ట్యాంకుకు 80 పిల్లలు, అన్నీ ఒకే గుంట నుంచి ఒకే రోజు పట్టినవి, సగటున 12 గ్రాములు, 10 సెంటీమీటర్లు. భువనేశ్వర్‌లోని మంచినీటి చేపల పరిశోధన సంస్థ సీఫా 1997లో విడుదల చేసిన జయంతి రోహు వంటి మేలు రకం పిల్లలు మామూలు పిల్లలతో కలిస్తే పెరుగుదలలో కనిపించే తేడా వంశానిదో నీటిదో విడదీయలేము. అందువల్ల పిల్లలను ఒకేచోట తీసుకోవడం తప్పనిసరి.
4. రెండు మేతలు. మొదటిది నూనె తీసిన తవుడు, పల్లి చెక్క సమపాళ్లలో కలిపిన పొడి. రెండవది 28:4 రకం తేలే గుళిక మేత, అంటే 28 శాతం ప్రోటీన్, 4 శాతం కొవ్వు.
5. ట్యాంకు 1: నిలకడ నీరు, పొడి మేత. ట్యాంకు 2: ప్రవాహం, పొడి మేత. ట్యాంకు 3: నిలకడ నీరు, గుళిక. ట్యాంకు 4: ప్రవాహం, గుళిక.

మేత చేప బరువులో రోజుకు 3.5 శాతం. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం మూడు భాగాలుగా వేస్తున్నాను. కార్పు జాతి చేపలకు జీర్ణాశయం ఉండదు, తిన్నది నేరుగా పేగులోకి పోతుంది. అందుకే ఒకేసారి ఎక్కువ వేయడం కంటే కొంచెం కొంచెంగా వేయడమే వాటికి సరిపడుతుంది.

ఖర్చు, ఇప్పటివరకు: ట్యాంకులు 26,000, షేడ్ నెట్ 1,800, పిల్లలు 1,600, డిజిటల్ కాటా, ఆక్సిజన్, అమ్మోనియా, పీహెచ్ కిట్లు 2,900. మొత్తం రూ. 32,300.

దశ 1: ప్రవాహం పుట్టించడం

మొదట ఎయిర్ కూలర్లలో వాడే చిన్న మోటార్లను పెట్టి చూశాను. గోడ దగ్గర సెకనుకు 4 సెంటీమీటర్ల వేగం వచ్చింది, మధ్యలో నీరు దాదాపు కదలలేదు. చేపలు ఆ ప్రవాహాన్ని పట్టించుకోలేదు. ఈ రూ. 800 వృథా ఖర్చు, దీన్ని ఎవరూ అనుకరించనక్కర్లేదు.

తర్వాత అర హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు బిగించి, నీటిని ఒకే గొట్టం నోటి నుంచి గోడ వెంట వదిలాను. నోటి ఎదుట వేగం 40 సెంటీమీటర్లు దాటింది, గోడకూ మధ్యకూ నడిమి భాగంలో 14 వచ్చింది, లోపలి వైపు 3కు పడిపోయింది. చేపలు ఆ లోపలి భాగానికే చేరి గుంపుగా ఆగిపోయాయి. పైకి చూస్తే నీరంతా తిరుగుతున్నట్టే కనిపిస్తుంది. చేప మాత్రం ఈదదు. గుండ్రటి ట్యాంకులో వ్యాయామ పరీక్ష చేసేవారందరూ ముందుగా సరిచూసుకోవలసింది దీన్నే: నీటి వేగాన్ని చేప నిలబడే చోట కొలవాలి.

రెండు మార్పులు చేశాను.

1. ఒకే నోటికి బదులు నిలువు పీవీసీ గొట్టానికి పైనుంచి కింది వరకు 6 మిల్లీమీటర్ల రంధ్రాలు పది వేసి, అన్నీ గోడకు సమాంతరంగా ఒకే వైపు చూసేలా బిగించాను.
2. ట్యాంకు మధ్యలో 1.2 మీటర్ల వ్యాసంతో వెల్డ్ మెష్ వలయం నిలిపి చుట్టూ సన్నకన్ను వల కట్టాను. చేప లోపలి నెమ్మది నీటిలోకి పోలేదు, మలం మాత్రం వల గుండా మధ్యకు చేరుతుంది. గిన్నెలో టీ కలిపినప్పుడు ఆకు మధ్యలో కుప్ప పడినట్టే, తిరిగే నీరు అడుగున చెత్తను మధ్యకు లాగుతుంది. అక్కడే అవుట్‌లెట్ పెడితే శుభ్రం చేయడం తేలిక.

నిలకడ నీటి ట్యాంకులలో కూడా అదే కొలత వలయం పెట్టాను. లేకపోతే వాటిలోని చేపలకు ఎక్కువ చోటు దొరికి పోలిక చెడుతుంది.

వేగం కొలిచే పద్ధతి:

1. చిన్న ప్లాస్టిక్ సీసాలో మూడింట రెండు వంతులు నీరు నింపి మూత బిగించాలి. ఖాళీ సీసాను గాలి తోస్తుంది, నిండినదాన్ని నీరు మోస్తుంది.
2. మధ్య నుంచి 0.8, 1.1, 1.4 మీటర్ల దూరాలలో దారపు గుర్తులు కట్టాలి.
3. 1.1 మీటర్ల దగ్గర ఒక చుట్టు సుమారు 6.9 మీటర్లు. చుట్టుకు పట్టిన సెకన్లతో భాగిస్తే వేగం వస్తుంది. 69 సెకన్లు పడితే సెకనుకు 10 సెంటీమీటర్లు.
4. సీసా గోడకు జారితే ఆ కొలత వదిలేసి మళ్లీ వేయాలి.

వాల్వ్ పూర్తిగా తెరిచినప్పుడు నడిమి వేగం 20 దాటింది, అంటే ఈ పిల్లలకు రెండు శరీర పొడవులు. మొదటి రోజు గుంపు కట్టి ఈదాయి. మర్నాటి నుంచి కొన్ని వలకు ఆనుకుని తోకతో తన్నుకుంటూ కాలం గడిపాయి, మేత వేసినా వెంటనే రాలేదు. తోక అంచులు చీలిపోయాయి, కొన్నింటికి పొలుసులు రాలాయి. కారణం కండరాలలోనే ఉంది. చేప పక్కగీత వెంట ఉండే సన్నటి ఎర్ర కండ ఆక్సిజన్‌తో కొవ్వును మండించి గంటల తరబడి పని చేయగలదు. వేగం హద్దు దాటితే మిగతా శరీరమంతా నిండి ఉన్న తెల్ల కండ రంగంలోకి దిగుతుంది. అది ఆక్సిజన్ లేకుండానే కొద్దిసేపు బలంగా పని చేసి లాక్టిక్ ఆమ్లాన్ని పోగు చేసుకుంటుంది. ఆ అలసట నుంచి కోలుకోవడానికే మేతలోని శక్తి ఖర్చవుతుంది. అలవాటు లేని పిల్లలను ఒకేసారి అంత వేగంలోకి నెట్టకూడదు. వాల్వ్ తగ్గించి 5 సెంటీమీటర్లతో మొదలుపెట్టి, వారం పాటు కొంచెం కొంచెంగా 11 వరకు తెచ్చాక చేపలన్నీ ఒకే వైపు తల పెట్టి, ఒకే తీరుగా ఈదసాగాయి.

స్థిరపడిన వేగాలు: గోడ దగ్గర 15, నడుమ 11, వలయం దగ్గర 7.

ఖర్చు, ఇప్పటివరకు: పాత మొత్తం 32,300, కూలర్ మోటార్లు 800, అర హెచ్‌పీ మోటార్లు రెండు 6,400, గొట్టాలు, వాల్వులు 1,700, వలయాలు, వల 2,400. మొత్తం రూ. 43,600.

దశ 2: మొదటి ఆరు వారాలు, ఆగస్టు మధ్య నుంచి సెప్టెంబరు చివరి దాకా

మోటారు రోజుకు పది గంటలు నడిచింది, మేత వేసే వేళల్లో ఆపాను. తూకం పద్ధతి ఇది:

1. ముందు రోజు సాయంత్రం మేత ఆపాలి. పేగు నిండి ఉంటే ఆ బరువు కూడా చేప బరువుగా లెక్కలోకి వస్తుంది.
2. బకెట్‌లో నీరు పోసి కాటాను సున్నాకు తేవాలి.
3. తడి చేతులతో 30 చేపలను ఒక్కొక్కటిగా తూచాలి. మొత్తం తూచి సగటు కడితే చేపకు చేపకు మధ్య తేడా తెలియదు, ఆ తేడా కూడా మనకు కావాలి.

12 గ్రాములతో మొదలైన చేపల సగటు బరువు 42 రోజుల తర్వాత:

ట్యాంకు 1 (నిలకడ, పొడి): 21.4 గ్రాములు, రోజుకు 1.38 శాతం పెరుగుదల
ట్యాంకు 2 (ప్రవాహం, పొడి): 22.9 గ్రాములు, 1.54 శాతం
ట్యాంకు 3 (నిలకడ, గుళిక): 27.8 గ్రాములు, 2.00 శాతం
ట్యాంకు 4 (ప్రవాహం, గుళిక): 34.6 గ్రాములు, 2.52 శాతం

రోజువారీ శాతాన్ని చివరి బరువు, మొదటి బరువుల సహజ లాగరిథమ్‌ల తేడాను రోజులతో భాగించి, నూరుతో గుణించి కట్టాను.

ఈ అంకెలు చూసి ప్రవాహం ఇంత పని చేసిందా అనిపిస్తుంది. కాని రోజువారీ పట్టికలో ఇంకో సంగతి ఉంది. నిలకడ నీటి ట్యాంకులలో బుడగలు వదిలే చిన్న గాలి రాళ్లు మాత్రమే ఉన్నాయి, తెల్లవారుజామున వాటిలో ఆక్సిజన్ లీటరుకు 3.2 నుంచి 3.8 మిల్లీగ్రాములు. ప్రవాహపు ట్యాంకులలో 5.6 నుంచి 6.1. ముప్పై డిగ్రీల నీటిలో ఆక్సిజన్ పూర్తిగా కరిగినా 7.5కు కొంచెం పైన మాత్రమే నిలుస్తుంది గనుక ఇది చిన్న తేడా కాదు. ఆక్సిజన్ 4కు దిగితే చేప మేత తినడం తగ్గిస్తుంది. ఇంకా చూస్తే, సాయంత్రం ప్రవాహపు నీరు అర డిగ్రీ నుంచి 0.7 డిగ్రీల దాకా వెచ్చగా ఉంది. మోటారు తీసుకునే కరెంటంతా చివరికి వేడిగా ఆ నీటిలోనే కలుస్తుంది. చేప శరీర ఉష్ణోగ్రత నీటిదే గనుక వెచ్చదనం కూడా పెరుగుదలను తోస్తుంది.

అంటే ఆ 6.8 గ్రాముల తేడాలో ఈత వాటా ఎంతో, ఆక్సిజన్ వాటా ఎంతో, వేడి వాటా ఎంతో చెప్పడానికి వీలు లేదు. ప్రవాహం పెట్టి చేపలు పెరిగాయని చెప్పే చాలా మాటల వెనుక ఈ మూడూ కలిసే ఉంటాయని నా నమ్మకం. ఈ పట్టికను నేను ఫలితంగా లెక్కించడం లేదు, పరీక్షను మళ్లీ కట్టడానికి కారణంగానే ఉంచాను.

కరెంటు లెక్క: గంటకు సుమారు 0.4 యూనిట్ చొప్పున రెండు మోటార్లకు ఆరు వారాల్లో 336 యూనిట్లు. ట్యాంకుకు మూడు కిలోలు కూడా లేని చేపకు ఇది ఏ రైతూ భరించలేని ఖర్చు.

దశ 3: ఒకే గాలి, రెండు తీర్లు

నాలుగు ట్యాంకులకూ ఒకే 100 వాట్ల ఎయిర్ బ్లోయర్ పెట్టాను. ప్రతి ట్యాంకుకు సమానమైన గాలి వస్తుంది. నిలకడ ట్యాంకులలో ఆ గాలి అడుగున ఉన్న రాళ్ల గుండా నిలువుగా పైకి పోతుంది. ప్రవాహపు ట్యాంకులలో అదే గాలి నాలుగు ఎయిర్‌లిఫ్ట్ గొట్టాల (బుడగలు పైకి లేస్తూ నీటిని వెంట లాగే గొట్టాలు) గుండా నీటిని తోస్తుంది. మోటారు లేదు, నీటిలో వేడి లేదు, ఆక్సిజన్ ఇచ్చే గాలి ఒకటే. మిగిలే తేడా ఈత ఒక్కటే.

ఎయిర్‌లిఫ్ట్ చేసే విధం:

1. 63 మిల్లీమీటర్ల పీవీసీ గొట్టం 65 సెంటీమీటర్లు కోసి, గోడకు దగ్గరగా నిలువుగా కట్టాలి. అడుగున 10 సెంటీమీటర్ల ఖాళీ ఉంచాలి.
2. పైన ఎల్బో బిగించి, దాని నోరు నీటి మట్టానికి కొంచెం కిందనే గోడ వెంట చూసేలా తిప్పాలి. నోరు నీటికి పైన ఉంటే శబ్దం ఎక్కువ, తోపు తక్కువ.
3. గాలి పైపును గొట్టం కింది కొసకు 5 సెంటీమీటర్ల పైన రంధ్రం చేసి దూర్చాలి. రాయి పెట్టకుండా పైపు కొసకు సన్న రంధ్రాలు వేస్తే మూసుకుపోయే బాధ తక్కువ.
4. నాలుగు గొట్టాలనూ సమాన దూరాల్లో, ఒకే దిశలో పెట్టాలి.

మొదట రెండు గొట్టాలతో నడిమి వేగం 5 సెంటీమీటర్లే వచ్చింది. నాలుగు పెట్టి, వలయపు వలను వారానికి రెండుసార్లు బ్రష్‌తో కడిగితే 9 వచ్చింది. వలకు నాచు పడితే రెండు రోజుల్లోనే వేగం 7కు జారుతుంది. 10.5 సెంటీమీటర్ల పిల్లకు 9 సెంటీమీటర్ల వేగం 0.86 శరీర పొడవు, ఆ పిల్ల 14 సెంటీమీటర్లయ్యే సరికి అదే వేగం 0.64కు తగ్గుతుంది. ఈ లోపాన్ని పట్టికలో రాసి పెట్టుకున్నాను. చేప పెరిగినకొద్దీ వేగం పెంచగలిగేవారు పెంచాలి.

రెండవ విడతకు కొత్త పిల్లలు వేశాను, సగటు 14 గ్రాములు. అక్టోబరు నుంచి నవంబరు మధ్య వరకు నీటి వేడి 24 నుంచి 27 డిగ్రీలు. తెల్లవారుజాము ఆక్సిజన్ నాలుగింటిలోనూ 5.5కు పైనే, ఉష్ణోగ్రతలో తేడా 0.2 లోపే. గొట్టాల స్థానాలతో పాటు మేతలను కూడా ట్యాంకుల మధ్య మార్చాను. తూర్పు వైపు ట్యాంకుకు ఉదయపు ఎండ కొంచెం ముందుగా తగులుతుంది, ఆ లాభం మళ్లీ అదే అమరికకు పోకూడదు. కింది వరుసలో గందరగోళం లేకుండా ఒక్కో అమరికకు పాత ట్యాంకు నంబరునే వాడుతున్నాను.

ట్యాంకు 1 (నిలకడ, పొడి): 24.6 గ్రాములు, 1.34 శాతం, 77 మిగిలాయి, కిలో పెరుగుదలకు 2.84 కిలోల మేత
ట్యాంకు 2 (ప్రవాహం, పొడి): 23.1 గ్రాములు, 1.19 శాతం, 76 మిగిలాయి, 3.30 కిలోలు
ట్యాంకు 3 (నిలకడ, గుళిక): 30.2 గ్రాములు, 1.83 శాతం, 79 మిగిలాయి, 2.03 కిలోలు
ట్యాంకు 4 (ప్రవాహం, గుళిక): 33.5 గ్రాములు, 2.08 శాతం, 78 మిగిలాయి, 1.83 కిలోలు

గాలి సమానం చేశాక గుళిక మేతతో ప్రవాహపు లాభం 6.8 గ్రాముల నుంచి 3.3కు దిగింది. పొడి మేతతో లాభం పోయి నష్టమే మిగిలింది. చేపల మధ్య బరువు తేడా మాత్రం ప్రవాహంలో స్పష్టంగా తగ్గింది: ట్యాంకు 3లో సగటుకు అటూ ఇటూ 24 శాతం చెదిరితే, ట్యాంకు 4లో 17 శాతం. ఒకే దిశలో గుంపుగా ఈదే చేపలు ఒకదాన్నొకటి తరమడం తక్కువ, మేత దగ్గరకు అన్నీ దాదాపు ఒకేసారి వస్తాయి. సైజు ప్రకారం అమ్ముకునే రైతుకు ఈ సమానత్వం కూడా విలువైనదే.

ఈ విడత మధ్యలో ఒక రాత్రి కరెంటు పోయి తెల్లవారే దాకా రాలేదు. ప్రవాహపు ట్యాంకులలో చేపలు పైకి వచ్చి నోళ్లు తెరవడం ముందుగా మొదలైంది, నిలకడ ట్యాంకులలో తర్వాత. ఈదే చేప ఎక్కువ ఆక్సిజన్ వాడుకుంటుంది గనుక గాలి ఆగితే దానికే ముందు ముప్పు. ఇంటి ఇన్వర్టర్ లైనును బ్లోయర్‌కు కలిపిన తర్వాతే రాత్రి పూట ప్రవాహం కొనసాగించాను. ఇన్వర్టర్ లేనివారు ఈ పరీక్ష మొదలుపెట్టకపోవడమే మంచిది.

కరెంటు: నాలుగు ట్యాంకులకూ కలిపి ఆరు వారాల్లో సుమారు 100 యూనిట్లు.

ఖర్చు, ఇప్పటివరకు: పాత మొత్తం 43,600, బ్లోయర్ 7,500, పైపులు, రాళ్లు, ఎయిర్‌లిఫ్ట్ గొట్టాలు 2,600, కొత్త పిల్లలు 1,400. మొత్తం రూ. 55,100.

దశ 4: పొడి మేత ఎందుకు ఓడింది

ఈ భాగం మీద ఎక్కువ సమయం పెట్టాను, ఎందుకంటే మన జిల్లాల్లో చెరువులకు ఎక్కువగా వేసేది ఈ మేతే. కాగితం మీద చూస్తే రెండు మేతలూ సమానం. పల్లి చెక్కలో సుమారు 42 శాతం, నూనె తీసిన తవుడులో సుమారు 15 శాతం ప్రోటీన్ ఉంటే, సమపాళ్ల మిశ్రమంలో 28.5 శాతం అవుతుంది. గుళికలో 28. అయినా పెరుగుదలలో అంత తేడాకు నాకు నాలుగు కారణాలు కనిపించాయి.

నీటిలో కరిగిపోవడం వాటిలో మొదటిది. పొడిని నీటిలో తడిపి ముద్ద చేసి పళ్లెంలో పెట్టినా, ప్రవాహపు ట్యాంకులో పావుగంటలో అది మబ్బులా విడిపోయి, వలయం గుండా మధ్యకు చేరింది. మేత వేళల్లో గాలిని రాళ్లకు మళ్లించి ప్రవాహం ఆపినా, నష్టం తగ్గిందే గాని పోలేదు. కోస్తా చెరువుల్లో చేసినట్టు రంధ్రాల సంచిలో కట్టి వేలాడదీసి చూశాను. ఈ చిన్న పిల్లలు సంచిని గట్టిగా పొడిచి తినలేకపోయాయి. పెద్ద చేపకు ఆ పద్ధతి సరిపోతుంది.

కరిగిన మేత అమ్మోనియాగా మారడం దాని వెన్నంటే వచ్చే రెండవ కారణం. 28 శాతం ప్రోటీన్ ఉన్న కిలో మేత నుంచి చివరికి సుమారు 25 గ్రాముల అమ్మోనియా నైట్రోజన్ నీటిలోకి వస్తుంది, చేప తింటే మొప్పల గుండా, తినకపోతే కుళ్లి. పొడి మేత ట్యాంకులలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటింది. 28 డిగ్రీల దగ్గర పీహెచ్ 7.5 ఉంటే అందులో విష రూపం 2 శాతమే, పీహెచ్ 8.5కు చేరితే దాదాపు 18 శాతం. మధ్యాహ్నం పీహెచ్ పెరిగే వేళకు చేప మేత దగ్గరకు రాకపోవడానికి ఇది చాలు. రోజు విడిచి రోజు ఐదోవంతు నీరు మార్చాల్సి వచ్చింది.

ప్రోటీన్ నాణ్యత మూడవ కారణం. పల్లి చెక్కలో లైసిన్, మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాలు తక్కువ. చేప కండ కట్టాలంటే అమైనో ఆమ్లాలన్నీ తగిన పాళ్లలో ఒకేసారి అందాలి. ఒకటి తక్కువైతే మిగిలినవి కండగా మారక, శక్తి కోసం మండి అమ్మోనియాగా బయటికి పోతాయి. ఈదే చేపకు శక్తి అవసరం ఎక్కువ గనుక, ఈ మేత మీద దాన్ని ఈదిస్తే ఉన్న కొద్ది ప్రోటీన్ కూడా ఇంధనమైపోతుంది. ట్యాంకు 2 వెనుకబడడానికి ప్రధాన కారణం ఇదేనని నేను అనుకుంటున్నాను.

నాల్గవది భాస్వరం. తవుడులో భాస్వరం పుష్కలంగా ఉన్నా ఎక్కువ భాగం ఫైటేటు రూపంలో ఉంటుంది, జీర్ణాశయం లేని కార్పు చేప దాన్ని విడగొట్టుకోలేదు.

వీటిని దృష్టిలో పెట్టుకుని ఇంట్లోనే మేత కట్టాను. పది కిలోల లెక్క:

1. నూనె తీసిన తవుడు 4.1 కిలోలు, పల్లి చెక్క పొడి 3 కిలోలు, వేయించి పట్టించిన సోయా పిండి 1.5 కిలోలు, ఎండు చేపల పొడి 700 గ్రాములు, మైదా 500 గ్రాములు, భాస్వరం కోసం డైకాల్షియం ఫాస్ఫేట్ 100 గ్రాములు, ఖనిజ మిశ్రమం 100 గ్రాములు.
2. సోయాను పచ్చిగా వాడకూడదు. ప్రోటీన్ జీర్ణాన్ని అడ్డుకునే పదార్థం అందులో ఉంటుంది, వేడికే అది నశిస్తుంది.
3. మైదాను వేడి నీటిలో గంజిలా ఉడికించి మిగతా పొడిలో కలిపి గట్టి ముద్ద చేయాలి.
4. మురుకుల గొట్టంలో సన్న బిళ్ల వేసి ఒత్తి, నీడలో ఆరబెట్టి, చివరగా ఎండలో పెళపెళలాడేలా ఎండించి, 2 మిల్లీమీటర్ల ముక్కలుగా నలపాలి.
5. గ్లాసు నీటిలో వేసి చూడాలి. ఇరవై నిమిషాలైనా ముక్క విడిపోకపోతే సరిపోయినట్టు.

దీనిలోనూ ప్రోటీన్ లెక్క 28.5 శాతమే. అంకెను పెంచలేదు, దాని వెనుక ఉన్న సరుకును మార్చాను. మొదటి వాయిలో మైదాను ఉడికించకుండా కలిపితే ముక్కలు ఐదు నిమిషాల్లో విడిపోయాయి, ఉడికించడం మానకూడదు. పల్లి చెక్కను ఏనుమాముల మార్కెట్ వైపు గానుగల నుంచి కొన్ని చోట్ల చూసి, విరిస్తే పొడిగా విరిగేదాన్నే తీసుకున్నాను. తేమ పట్టిన చెక్క మీద పెరిగే బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది, అది చేప కాలేయాన్ని దెబ్బ తీస్తుంది. ఎండబెట్టినా ఆ విషం పోదు. బూజు వాసన వచ్చిన చెక్కను చౌకగా ఇచ్చినా తీసుకోవద్దు.

దశ 5: మూడవ విడత, ఫిబ్రవరి నుంచి మార్చి మధ్య వరకు

డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున నీరు 20 డిగ్రీలకు కిందికి దిగినందువల్ల పరీక్ష ఆపాను. ఆ చలిలో రోహు మేత తినడం బాగా తగ్గిస్తుంది. ఫిబ్రవరిలో 15 గ్రాముల పిల్లలతో మళ్లీ మొదలైంది. పొడి మేత స్థానంలో ఇంటి గుళిక వేశాను.

నిలకడ, ఇంటి గుళిక: 31.0 గ్రాములు, 1.73 శాతం
ప్రవాహం, ఇంటి గుళిక: 33.8 గ్రాములు, 1.93 శాతం
నిలకడ, కొన్న గుళిక: 33.9 గ్రాములు, 1.94 శాతం
ప్రవాహం, కొన్న గుళిక: 38.1 గ్రాములు, 2.22 శాతం

పొడి మేతతో నష్టం చేసిన అదే ప్రవాహం, చాలావరకు అవే ముడి సరుకులను సరిదిద్ది కట్టిన మేతతో లాభం చేసింది. ఇంటి గుళికతో ఈదిన చేప, కొన్న గుళికతో నిలకడ నీటిలో ఉన్న చేపకు సమానంగా నిలిచింది. ఒక్కో అమరికకు ఒక్కటే ట్యాంకు ఉన్నందువల్ల గ్రాము, రెండు గ్రాముల తేడాలను ఎవరూ గట్టి ఫలితంగా తీసుకోవద్దు. విడత మారినా దిశ మారనిది ఒక్కటే: గుళిక మేత మీద మూడు విడతల్లోనూ ప్రవాహమే ముందుంది. మేత మార్చడం వల్ల వచ్చిన తేడా మాత్రం రెండవ విడతలో ఈత వల్ల వచ్చిన తేడా కంటే ఎక్కువ. చేతిలో ఉన్న డబ్బు ఒక్కదానికే సరిపోయేవారు మేతనే ముందు బాగు చేసుకోవాలని నా సలహా. చిన్న పిల్లలను పెంచే నర్సరీ ట్యాంకులలో గాలి బ్లోయర్ ఎలాగూ నడుస్తుంది గనుక, రాళ్లకు బదులు ఎయిర్‌లిఫ్ట్ గొట్టాలు పెడితే అదనపు కరెంటు లేకుండానే ప్రవాహం వస్తుంది. పెద్ద చెరువులో దీన్ని అనుకరించే మార్గం నాకు కనిపించలేదు.

ఖర్చు, ఇప్పటివరకు: పాత మొత్తం 55,100, మూడవ విడత పిల్లలు 1,400, అన్ని విడతల మేత, ముడి సరుకులు కలిపి 1,600. మొత్తం రూ. 58,100, కరెంటు కాక.

దశ 6: జరుగుతున్న పని

మార్చి చివరికి నీరు మధ్యాహ్నం 32 డిగ్రీలు దాటడంతో ట్యాంకులు ఖాళీ చేశాను. మూడవ విడత చేపలను పక్క పొలంలోని బోరు నీటి చేపల కుంటలోకి వదిలాము. ప్రవాహంలో ఈదిన చేపలకు ఎడమ పొట్ట రెక్కను, నిలకడ నీటి చేపలకు కుడి పొట్ట రెక్కను చిన్న కత్తెరతో మొదలు దగ్గరగా కత్తిరించి, పొటాషియం పర్మాంగనేటు పలుచని నీటిలో ముంచి వదిలాము. రెండు గుంపులకూ కత్తెర పడింది గనుక గాయం వల్ల వచ్చే తేడా ఒకరి లెక్కలోకే పోదు. కుంటలో అన్నింటికీ ఒకే మేత, ఒకే నీరు. జూన్‌లో వల లాగినప్పుడు ఏ గుర్తువి ఎన్ని మిగిలాయో, ఒక్కొక్కటి ఎంత తూగిందో, ట్యాంకులో వచ్చిన ఆధిక్యం కుంటలోనూ నిలిచిందో లేదో విడివిడిగా తూచి ఈ డైరీలో కలుపుతాను. కత్తిరించిన రెక్క కొంత మళ్లీ పెరుగుతుంది, కాబట్టి లెక్కించేవారు రెండు వైపుల రెక్కల పొడవునూ పోల్చి చూసుకోవాలి.